టెక్ సందేహాలు: లింకు పంపండి, జిప్ కాదు

కాలేజీలకు సెలవులిచ్చినప్పుడల్లా ఈ శీర్షికకు ఒకే ఫిర్యాదు వస్తుంది: నేను చేసిన బ్రౌజర్ గేమ్ నా దగ్గర బాగానే ఆడుతుంది, వేరేవాళ్ల దగ్గర ఆడదు. రాజాం నుంచి ఒకరు, ఆమదాలవలస నుంచి ఇద్దరు, బొబ్బిలి నుంచి ఒకరు ఈసారి రాశారు. గేమ్‌లు వేరు, బాధ ఒకటే. బ్రౌజర్ గేమ్ అంటే ఏమిటి, జావాస్క్రిప్ట్ ఎక్కడ నేర్చుకోవాలి వంటి ప్రశ్నలను పక్కన పెట్టి, గేమ్ తయారు చేసి చిక్కుకున్నవాళ్ల ఉత్తరాలే ఈ వారం తీసుకుంటున్నాను.

నా ల్యాప్‌టాప్‌లో గేమ్ బాగానే ఆడుతోంది. ఫోల్డర్‌ని జిప్ చేసి వాట్సాప్‌లో పంపితే ఫ్రెండ్స్‌కి తెల్ల తెర వస్తోంది. ఆన్‌లైన్‌లో పెట్టినా బొమ్మలు సగమే కనిపిస్తున్నాయి. – రాజాం

ముందు జిప్ సంగతి. ఫోన్‌లో జిప్ విప్పి ఇండెక్స్ ఫైల్‌ని నొక్కితే బ్రౌజర్ చేతికి ఆ ఒక్క ఫైలే వస్తుంది. పక్కనున్న స్క్రిప్టు, బొమ్మలు, శబ్దాలు దానికి అందవు. తెల్ల తెర అందుకే. కంప్యూటర్‌లో రెండుసార్లు క్లిక్ చేసి తెరిచినా పూర్తి భరోసా లేదు. అడ్రస్ ‘ఫైల్’ అని మొదలైతే మాడ్యూల్ స్క్రిప్టుల్ని, ఫెచ్‌తో తెచ్చుకునే లెవెల్ ఫైళ్లని బ్రౌజర్ భద్రత కోసం ఆపేస్తుంది. ఎఫ్12 నొక్కి కన్సోల్ చూస్తే ఎర్ర అక్షరాల్లో ఆ గొడవే రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా నాకు ఉత్తరం రాయడం ఏం పద్ధతి?

గేమ్ ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి ‘పైథాన్’, ఖాళీ, ‘హైఫన్ ఎం’, ఖాళీ, ‘హెచ్‌టీటీపీ చుక్క సర్వర్’, ఖాళీ, ‘8000’ అని కొట్టండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ కోలన్ 8000 అంటే గేమ్ వస్తుంది. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో చూడాలంటే ల్యాప్‌టాప్ ఐపీ నంబరు వేసి కోలన్ 8000 కొట్టండి. విండోస్ ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే ఒప్పుకోండి. ఫోన్‌ని వంచి ఆడే గేమ్ మాత్రం ఇలా పనిచేయదు. సెన్సర్లు కావాలంటే హెచ్‌టీటీపీఎస్ ఉండాల్సిందే.

సగం బొమ్మలు మాయమవడానికి కారణం పెద్దక్షరాలు, చిన్నక్షరాలు. కోడ్‌లో ‘ప్లేయర్’ అన్నీ చిన్నక్షరాలతో రాసి, ఫైల్ పేరులో మొదటి అక్షరం పెద్దది పెట్టినా విండోస్ పట్టించుకోదు. ఫైళ్లని వెబ్‌సైటుగా చూపే గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట అవి రెండు వేర్వేరు ఫైళ్లు. అన్నీ చిన్నక్షరాలు పెట్టండి, పేర్లలో ఖాళీలు తీసేయండి. పేరులో అక్షరం సైజు ఒక్కటే మారిస్తే కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ దాన్ని విండోస్‌లో గమనించకపోవచ్చు, ‘గిట్ ఎంవీ’తో మార్చండి. దారి ముందు స్లాష్ పెట్టే అలవాటు ఉంటే అదీ మానండి. గిట్‌హబ్ పేజెస్‌లో మీ గేమ్ ఒక ఉపఫోల్డర్‌లో ఉంటుంది, ముందు స్లాష్ పెడితే బ్రౌజర్ ఆ ఫోల్డర్ దాటి మొదటికి పోయి వెతుకుతుంది. గేమ్‌ల సైటు ఇచ్ డాట్ ఐఓలో పెట్టేవాళ్లు ఫోల్డర్‌ని కాక ఫోల్డర్ లోపలి ఫైళ్లని ఎంచుకుని జిప్ చేయాలి. విప్పగానే ఇండెక్స్ ఫైల్ పైనే కనపడాలి.

ఆ తర్వాత స్నేహితులకు పంపేది లింకు ఒక్కటే.

మా తమ్ముడి కొత్త ఫోన్‌లో నా గేమ్ రెట్టింపు స్పీడులో పరిగెడుతోంది. – బొబ్బిలి

మీరు ఫ్రేముకి 4 పిక్సెళ్లు జరుపుతున్నారు. సెకనుకి 60 సార్లు గీసే తెరలో అది 240 పిక్సెళ్లు, 120 సార్లు గీసే తెరలో 480. ఫ్రేముని లెక్కలోకి తీసుకోవద్దు, కాలాన్ని తీసుకోండి. తెర గీసే ముందల్లా మీ ఫంక్షన్‌ని పిలిచే రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ దానికి ఇచ్చే సమయంలోంచి గత సమయాన్ని తీసేసి, వెయ్యితో భాగించి, ఆ సెకన్లని 240తో గుణించండి. ఆ తేడా 0.05 దాటితే 0.05 దగ్గరే ఆపేయండి. లేకపోతే మధ్యలో ఫోన్ వచ్చి, మాట్లాడి తిరిగొచ్చేసరికి బంతి ఒక్క గెంతులో గోడ దాటి పోతుంది.

ఈ వేగం తెరల ఫోన్ల గురించి ఒక మాట. చాలా వాటిలో తెర వేగాన్ని ఫోనే తనకు తోచినట్టు 60కీ 120కీ మధ్య మారుస్తుంది, బ్యాటరీ పొదుపు పెడితే కొన్ని 30కి కూడా దించేస్తాయి. కొన్నవాడికి ఆ సంగతి తెలియదు. తిట్లు మాత్రం గేమ్ చేసినవాడికి.

గేమ్‌లో పాట రావడం లేదు. – టెక్కలి

వేలు తగలకుండా శబ్దం రానివ్వకూడదని బ్రౌజర్లు 2018 నుంచి గట్టిగా పట్టుబట్టాయి. మంచి పనే. ‘ఆడదాం’ అని ఒక బటన్ పెట్టి, అది నొక్కినప్పుడు శబ్దాన్ని నడిపే ఆడియో కాంటెక్స్ట్‌ని రెజ్యూమ్ చేయండి. ఐఫోన్‌లో పక్కనున్న సైలెంట్ మీట చూడమనండి. పాత ఐఫోన్ల కోసం ఓగ్ ఫైలుతో పాటు ఎంపీ3 కూడా ఉంచండి.

పిల్లలకు తెలుగు మాటల ఆట చేస్తున్నాను. ఊరి పేర్లు చెదరగొట్టి మళ్లీ కూర్చాలి. గుణింతాలు ఊడిపోయి చుక్కల సున్నాలు వస్తున్నాయి. – శ్రీకాకుళం, ఉపాధ్యాయురాలు

టీచర్‌గారూ, ఇంగ్లిష్ మాటలకు రాసిన ట్యుటోరియల్‌ని తెలుగుకు తొడిగితే ఇలాగే అవుతుంది. మీ ఊరి పేరే చూడండి. ‘శ్రీకాకుళం’ మనకు నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్‌కి మాత్రం పది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న. మాటని ముక్కలు చేసే స్ప్లిట్ అనే ఆదేశం ఆ పదింటినీ విడివిడిగా పారబోస్తుంది. ‘విజయనగరం’లో ఒత్తు లేదు కాబట్టి నష్టం కాస్త తక్కువ, ఎనిమిది ముక్కల్లో గుడి, సున్న మాత్రమే ఊడతాయి.

స్ప్లిట్ తీసేసి, భాషకు తగ్గట్టు విడగొట్టే ఇంటల్ సెగ్మెంటర్ వాడండి. భాష ‘టీఈ’, గ్రాన్యులారిటీ ‘గ్రాఫీమ్’. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒత్తుల్ని కలిపి ఒకే అక్షరంగా చూడాలన్న నియమం, కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 15.1తో, అంటే 2023లో వచ్చింది. అప్‌డేట్ లేని బ్రౌజర్లలో ‘శ్’, ‘రీ’ అని రెండుగా వస్తుంది. పాఠశాల ట్యాబుల్లో ఆడించాలనుకుంటే మీరే అతుకు వేయండి: ఒక ముక్క పొల్లుతో, అంటే యూనికోడ్ నంబరు 0సీ4డీతో ముగిసి, తర్వాతది హల్లుతో మొదలైతే రెండూ కలిపేయాలి. ‘ఫోన్‌లో’ వంటి మాటల్లో న్ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఉంటుంది. అక్కడ ముక్క పొల్లుతో కాక ఆ గుర్తుతో ముగుస్తుంది కాబట్టి అతుకు పడదు. అదే సరైనది. టైపు చేసేటప్పుడు ఆ గుర్తు వదిలేస్తే మాత్రం ల ఒత్తు కిందికి చేరిపోతుంది.

అక్షరాలు గడుల్లో వంకరగా పడుతున్నాయన్నారు. ఫాంటు దిగకముందే, పేజీలో బొమ్మలు గీసే కాన్వాస్ గీసేస్తోంది. డాక్యుమెంట్ ఫాంట్స్ లోడ్ పూర్తయ్యాక మొదటి గీత గీయండి. ఉచిత ఫాంట్లలో గిడుగు, గురజాడ రెండూ ఉన్నాయి. వాడుక భాష కోసం కొట్లాడిన మన రెండు జిల్లాల పెద్దల పేర్లే. ఫాంటు ఫైలుని గేమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోండి. గేమ్ ఇంజిన్లో, అంటే గేమ్‌లు కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటే ముందుగా ‘శ్రీ’, ‘ర్త్య’, ‘క్ష్మి’ గీయించి చూడండి. ఒత్తులు పక్కన పడే ఇంజిన్ అయితే ఆ రోజే వదిలేయండి. పది లెవెళ్లు పూర్తయ్యాక బాగుచేసే రోగం కాదది.

గేమ్‌లు చేసేవాళ్ల గ్రూపులో ఒకతను పరిచయమయ్యాడు. ‘నా గేమ్ కూడా టెస్ట్ చేయి, నీ గేమ్‌కి రివ్యూ రాస్తా’ అని పాస్‌వర్డ్ ఉన్న జిప్ పంపాడు. లోపల ఈఎక్స్‌ఈ, అంటే విండోస్‌లో నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఉంది. యాంటీవైరస్ ఏమీ అనలేదు. తెరవొచ్చా? – విజయనగరం, బీటెక్ విద్యార్థి

తెరవొద్దు. ఈ వారం ఉత్తరాలన్నింట్లో నన్ను భయపెట్టింది ఇదే.

జిప్‌కి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టాడో ఆలోచించండి. గేమ్‌ని ఎవరూ దొంగిలించకుండా అయితే, పాస్‌వర్డ్ పక్కనే రాసి పంపడు. లోపలున్నది యాంటీవైరస్‌కీ, ఫైల్ మోసుకొచ్చిన సైట్‌కీ కనపడకూడదని పెట్టాడు. తాళం వేసిన పెట్టెలోకి అది చూడలేదు కాబట్టే ఏమీ అనలేదు. అంతే తప్ప మంచిదని సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఇలాంటివి తెరిస్తే ఒక్కోసారి చిన్న కిటికీ వచ్చి ‘లోడింగ్’ అని ఆగిపోతుంది, లేదా ఏదో ఎర్రర్ చూపిస్తుంది. మీరు ‘గేమ్ పనిచేయట్లేదు బ్రో’ అని మెసేజ్ కొట్టేలోపే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు అవతలికి చేరిపోతాయి. అసలు ప్రమాదం ఆ కుకీలే. మీరు ఇప్పటికే ఓటీపీ కొట్టి లాగిన్ అయి ఉన్నారనడానికి కుకీ గుర్తు. అది దొరికినవాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. తర్వాత మీ ఖాతాలోంచే మీ క్లాస్‌మేట్లకి ‘నా గేమ్ టెస్ట్ చేయరా’ అని వెళ్తుంది. మీకు పంపినవాడి ఖాతా కూడా అలా పోయినదే కావచ్చు.

ఇప్పటికే తెరిచేసినవాళ్లు ముందు నెట్ తీసేయండి. అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మార్చొద్దు, కొత్తది కూడా దొంగ చేతికే పోవచ్చు. ఫోన్‌లోంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల్లో లాగౌట్’ నొక్కండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అన్నిచోట్లా పాత కుకీ చావదు, అందుకే లాగౌట్ ముఖ్యం. తర్వాత గిట్‌హబ్‌లో యాక్సెస్ టోకెన్లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు రద్దు చేయండి. ఆ తర్వాత మిగతా ఖాతాలు. చివరికి విండోస్‌ని శుభ్రంగా మళ్లీ వేయండి, స్కాన్ చేసి సరిపెట్టుకోవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అతను నిజంగా మంచివాడే కావచ్చుగా అంటారు. అయితే ‘బ్రౌజర్‌లో ఆడే లింకు ఇవ్వు’ అని అడగండి. బ్రౌజర్ ట్యాబ్ మీ ఫైళ్లని తనంతట తాను తెరవలేదు. ‘ఆడాలంటే నోటిఫికేషన్లు అనుమతించండి’, ‘ఈ ప్లగిన్ దించుకోండి’ అనే పేజీని మూసేయడం మీ చేతిలో పని.

గేమ్ చేసేవాళ్లకీ ఇందులో వాటా ఉంది. పది మందిలో గొప్పగా ఉంటుందని గేమ్‌ని ఏపీకేగా, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలుగా చుట్టి కుటుంబం గ్రూపులో పడేస్తున్నారు. పిన్ని మీ మీద ప్రేమతో ‘తెలియని యాప్‌లు’ అనే మీట ఆన్ చేస్తుంది. మీట అలాగే ఉండిపోతుంది. రేపు ఏదో పథకం పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే వస్తే ‘అబ్బాయి పంపినప్పుడూ ఇలాగే నొక్కా కదా’ అని నొక్కుతుంది. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే ఓటీపీలు అప్పగించినట్టే. ఆ అలవాటు ఆవిడకి చేసింది మీరు.

నా గేమ్ స్కోర్ పట్టికలో ఎవరో 99999999 పెట్టారు. ఇంకొకరి పేరు ఉన్నచోట పేజీ తెరవగానే పాపప్ వస్తోంది. – చీపురుపల్లి

డేటాబేస్‌ని ‘టెస్ట్ మోడ్’లో వదిలేశారు, అంటే ఎవరైనా రాయొచ్చు. నియమాలు మార్చి, కొత్త స్కోరు చేర్చడానికి మాత్రమే అనుమతించండి. దిద్దడానికి, చెరపడానికి వద్దు. పేరు 12 అక్షరాలు దాటకూడదని, స్కోరు మీ గేమ్‌లో సాధ్యమైన గరిష్ఠం లోపే ఉండాలని అక్కడే రాయండి. అయినా స్కోరు లెక్కపెట్టేది ఆటగాడి బ్రౌజర్‌లోనే కాబట్టి మోసాన్ని పూర్తిగా ఆపలేరు.

పాపప్ ఇంకా పెద్ద విషయం. పేరుని ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌తో పేజీలో పెడుతున్నారు. ఎవరో పేరు బదులు కోడ్ రాశారు, మీ పేజీ అందరి బ్రౌజర్లలో దాన్ని నడిపిస్తోంది. రాసినదాన్ని ఉత్త అక్షరాలుగానే చూపే టెక్స్ట్ కంటెంట్ వాడండి, ఈ రోజే. లైబ్రరీలని, అంటే వేరేవాళ్లు రాసిన రెడీమేడ్ కోడ్‌ని, ఎవరి సర్వర్ నుంచో నేరుగా లాగే బదులు మీ ఫోల్డర్‌లో పెట్టుకోండి. 2024లో అలాంటి స్క్రిప్టు పంచే పాలీఫిల్ డాట్ ఐఓ డొమైన్ చేతులు మారాక, ఆ స్క్రిప్టు లాగుతున్న లక్షకు పైగా సైట్లలోకి చెడ్డ కోడ్ పారింది.

ఇంకొకటి అడగకపోయినా చెబుతున్నాను. స్కోర్‌తో పాటు ఫోన్ నంబరు ఎందుకు అడుగుతున్నారు? ఆడేది పిల్లలు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ గడి తీసేయండి.

జీడిపిక్కల ఆట చేశాను. నా ఫోన్‌లో ఓకే. అమ్మ పాత ఫోన్‌లో లోడ్ అవుతూ అవుతూ ట్యాబ్ మూసుకుపోతోంది. వేరే గేమ్‌లో సేవ్ చేసింది ఇందులో చెరిగిపోతోంది కూడా. – పలాస

సేవ్ సంగతి సులువు. గిట్‌హబ్ పేజెస్‌లో మీ గేమ్‌లన్నిటికీ అడ్రస్‌లో మొదటి భాగం ఒకటే, కాబట్టి బ్రౌజర్ సేవ్‌లు దాచే లోకల్ స్టోరేజ్ కూడా ఒకటే. రెండింట్లోనూ ‘స్కోర్’ అనే పేరు వాడారు. ‘జీడి_స్కోర్’ అని మార్చండి.

లోడ్ సంగతికి వస్తే, అసలు జీడిపిక్కలు గీయడానికి త్రీడీ ఇంజిన్ ఎందుకండీ? నేల మీద గీత, నాలుగు గింజలు, ఒక వేలు. దీనికి ఖాళీ ప్రాజెక్టే పదుల మెగాబైట్లకి విప్పుకునే ఇంజిన్ని తగిలిస్తున్నారు. జేఎస్13కే అనే పోటీ 2012 నుంచి జరుగుతోంది, అందులో మొత్తం గేమ్ జిప్ 13 కిలోబైట్లు దాటకూడదు. బొమ్మలు, శబ్దం, కోడ్ అన్నీ కలిపి. ఒకప్పుడు బ్రౌజర్ గేమ్‌లు నడిపిన ఫ్లాష్ ప్లగిన్ ఉన్నంతకాలం మోడెమ్ నెట్‌లో కూడా ఆడారు జనం. 2020 డిసెంబర్ 31తో దాని కథ ముగిసింది, దాని భద్రతా లోపాలకి అలా ముగియడం మంచిదే. కానీ చిన్నగా చేయాలన్న పట్టుదల కూడా దాంతోనే పోయినట్టుంది. వేగమైన నెట్ ఉన్న ఫోన్‌లో తయారుచేసి, అదే ఫోన్‌లో ఆడి చూసుకుని, బాగుందనుకోవడం అలవాటైపోయింది.

మీ ట్యాబ్ మూసుకుపోవడానికి కారణం ఆకాశం బొమ్మ. పీఎన్‌జీగా 900 కిలోబైట్లే కదా అనుకున్నారు. కానీ 4096 అడ్డం, 4096 నిలువు అంటే విప్పాక పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 64 మెగాబైట్ల మెమరీ. మీ దగ్గర అలాంటివి ఐదున్నాయి. 1024కి దించితే ఒక్కోటి 4 మెగాబైట్లే. ముందు అది చేసి, అమ్మగారి ఫోన్‌లోనే చూసి రాయండి.