స్క్రైబులను కూడగట్టే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

చూపులేని డిగ్రీ పిల్లల సెమిస్టర్ పరీక్షలకు స్క్రైబులను, అంటే వాళ్ళు చెప్పే జవాబులను రాసిపెట్టేవాళ్ళను, వెతికే పని మీ సంస్థ నీకు అప్పగించిందని తెలిసి సంతోషించాను. ఇందులో మనుషులు దొరకడం కన్నా, వస్తామన్నవాళ్ళు వచ్చేలా చూసుకోవడమే కష్టం. వాళ్ళు రాకపోతే ఆ పిల్లకు ఆ పేపరు పోయినట్టే.

"సేవాభావం ఉన్నవారు రండి" అని పోస్టరు వేయకు. లైకులు వస్తాయి, మనుషులు రారు. ఫలానా తేదీ, ఫలానా కాలేజీ, తెలుగు మీడియం చరిత్ర పేపరు, ఉదయం తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి అని విడమరిచి అడుగు. గంటలు దాచకు. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. ఇది తెలియక వచ్చినవాళ్ళు చివర్లో పదేపదే గడియారం చూస్తారు, ఆ తొందరకు చెప్పే పిల్ల తడబడుతుంది.

ముందుగా ముందుకొచ్చేది రిటైర్డు లెక్చరర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. చాలా పరీక్షలకు వాళ్ళను ఒప్పుకోరు. సొంతంగా తెచ్చుకునే స్క్రైబు చదువు అభ్యర్థి కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. తర్వాత మార్పులూ వచ్చాయి. అందుకే ఆ ఏటి సర్క్యులర్ చేతిలో పెట్టుకునే పేర్లు రాసుకో. మిగిలిన పెద్దవాళ్ళను వదులుకోకు, పాఠాలు రికార్డు చేయడానికీ పిల్లల్ని సెంటర్లో దింపడానికీ వాళ్ళే కావాలి.

ఇక తగిన చదువున్న పిల్లలకు అవే రోజుల్లో సొంత పరీక్షలుంటాయి. అటానమస్ కాలేజీలు, పాలిటెక్నిక్‌ల టైం టేబుళ్ళు వేరుగా ఉంటాయి, అక్కడ అడుగు. ఎన్‌ఎస్‌ఎస్ అంటే కాలేజీల్లోని జాతీయ సేవా పథకం, దాని ప్రోగ్రామ్ ఆఫీసర్ని కలువు. వాళ్ళ వలంటీర్లు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి, నువ్వు గంటలు రాసి సంతకంతో కాగితం ఇస్తానంటే సంతోషంగా పంపుతారు.

పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఇరవై నిమిషాల పరీక్ష పెట్టు, దీన్ని మాత్రం ఎంత తొందరున్నా మానకు. ఒత్తులు ఎక్కువున్న తెలుగు పేరా చెప్పి రాయించు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తర్వాత "హైదరాబాద్ కృష్ణానది ఒడ్డున ఉంది" అని చెప్పు. మూసీ అని దిద్ది రాస్తే, చెప్పింది చెప్పినట్టే రాయాలని అప్పుడే నేర్పు. హాల్లో అలా దిద్దితే మాల్‌ప్రాక్టీసు కింద రాస్తారు, నష్టపోయేది పిల్లే. బిట్లు చదివించి, నాలుగు జవాబులనూ ఒకే గొంతుతో చదువుతున్నారో లేదో విను. లెక్కలుంటే "ఏ ప్లస్ బి బై సి" అని చెప్పి చూడు. గీత రెండింటి కిందా రావాలా, బి కిందేనా అని అడిగినవాళ్ళనే ఆ పేపరుకు పెట్టు.

ప్రతి ముగ్గురికీ ఒక రిజర్వు మనిషి కావాలి, అదీ సెంటరుకు అరగంట దూరంలోనే. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు పిల్లనూ స్క్రైబునూ కలిపి కూర్చోబెట్టి ఒక పాత పేపరు రాయించు, మాట వేగం కుదురుతుంది. ఆధార్, ఫొటోలు, చదువు సర్టిఫికెట్ల జిరాక్సులు ఆ రోజే తీసుకుని, సెంటర్లో పరీక్షలు నడిపే చీఫ్ సూపరింటెండెంట్ అనుమతి కాగితం ముందే తెచ్చిపెట్టు. ముందురోజు సాయంత్రం ఫోన్ చెయ్యి. వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసి ధైర్యపడకు, గొంతుతో "వస్తున్నా" అనాలి.

పరీక్ష అయ్యాక దారి ఖర్చులు అడగకముందే ఇవ్వు. అదే సాయంత్రం పిల్లతో విడిగా మాట్లాడు, స్క్రైబు విసుక్కున్నా, జాలి మాటలు మాట్లాడినా బయటపడేది అప్పుడే. అలాంటివాళ్ళను వచ్చే పేపరుకు పిలవకు, చేతులు ఎంత తక్కువున్నా సరే. బాగా రాసినవాళ్ళకు మాత్రం తర్వాతి పేపరు తేదీ ఆ రాత్రే చెప్పి మాట తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ