కాలియాకు ఒడియా మాటలే తెలుసు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది రాయగడ. మాఘమాసంలో మా అత్తగారిని తీసుకుని కాశీ వెళ్తున్నాం. అక్కడ తొమ్మిది నిద్రలు చేయాలని ఆవిడ కోరిక. రానుపోను కలిపి పదమూడు రోజులు. మా నల్లకుక్క కాలియాకు ఐదేళ్లు. నాగావళి ఒడ్డున దొరికిన పిల్ల. ఒక్క రాత్రి కూడా మా ఇల్లు వదిలి ఉండలేదు. వాణ్ని పెంచింది మా ఇంట్లో పనిచేసిన ఒడియా అమ్మాయి. ఆమె పెళ్లయి మునిగుడ వెళ్లిపోయింది. వాడు తినేది అన్నం, కోడిముక్కలు, మధ్యాహ్నం కాస్త పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం). పక్కింటివాళ్లు రెండు పూటలా అన్నం పెడతామంటున్నారు. విశాఖలో ఉన్న మా మరిది అక్కడ ఒక కుక్కల హాస్టల్ చూశాడు. నిద్రమాత్ర వేసి దింపేయండి, ఏమీ తెలియదు అని బంధువు ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: అమ్మా, ముందు ఆ నిద్రమాత్ర మాట మరిచిపోండి. మత్తులో ఉన్న కుక్క తూలి పడుతుంది, ఒంటి వేడిని సరిగ్గా నిలుపుకోలేదు. నిజంగా జబ్బు చేసినా, మత్తులో పడుకుందిలే అని చూసేవాళ్లు ఊరుకుంటారు. మనుషుల మాత్రలైతే ఇంకా ప్రమాదం. కుక్కను స్వయంగా పరీక్షించిన వైద్యుడు రాసిస్తే తప్ప ఏదీ వేయకండి.

మీ పక్కింటివారిది మంచి మనసు. గిన్నె ఖాళీగా ఉండనివ్వరు. కానీ మనుషుల మధ్య ఐదేళ్లు పెరిగిన ప్రాణి తాళం వేసిన తలుపు ముందు పదమూడు రాత్రులు ఒంటరిగా పడుకోవాలి. అలాంటి కుక్కలు గోడ దూకి ఇంటివాళ్లను వెతుక్కుంటూ వెళ్తాయి. 1992 అక్టోబరులో రాయగడ కోరాపుట్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయినప్పుడు నేను అక్కడి పశువైద్యశాలలోనే ఉన్నాను. అలా వెతుకులాటకు బయల్దేరి లారీల కింద కాళ్లు విరగ్గొట్టుకున్న కుక్కలకు ఎన్నిసార్లు కట్లు కట్టానో. అందుకే విశాఖ హాస్టలే నయమంటాను. అయితే ప్రయాణం రోజున నేరుగా తీసుకెళ్లి దింపవద్దు.

పదమూడు రోజుల్లో వస్తామని వాడికి చెప్పలేం. కానీ అక్కడ వదిలిన మనుషులు మళ్లీ వచ్చి ఇంటికి తీసుకెళ్లడం ఒక్కసారైనా చూసిన కుక్కకు ఆ చోటు అంత భయంగా ఉండదు. నెల ముందు ఒక రాత్రి ఉంచి మర్నాడు తెచ్చుకోండి. వీలైతే మరో వారం తర్వాత రెండు రాత్రులు. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రెండుసార్లు తిరగడం శ్రమే, ఖర్చే. అయినా అడుగుతున్నాను, తిరగండి. ఆ మలుపుల దారిలో వాంతి కాకుండా బయల్దేరే ముందు నాలుగు గంటలపాటు అన్నం పెట్టకండి, మంచినీళ్లు మాత్రం పట్టండి.

నేను అడగడానికి కారణం ఉంది. 2009లో మా అమ్మాయి పురుడుకు వెళ్తూ మా మోతీని ఒక పట్నంలో ఇలాంటి చోటే వదిలాను. ముందుగా ఒక్క రాత్రి కూడా ఉంచలేదు. టపాసుల చప్పుడుకు దానికి ప్రాణం పోతుందని చెప్పనూ లేదు, వాళ్లు అడగనూ లేదు. అది దీపావళి వారం. తిరిగొచ్చేసరికి ఇనుప ఊచలు గీకిగీకి ముందుకాళ్ల గోళ్లు రక్తమోడుతున్నాయి. నన్ను చూసి తోక ఊపలేదు. నా చేతిని వాసన చూసి పక్కకు తిరిగి పడుకుంది. ఇంతకాలమైనా ఆ పూట కళ్లముందే ఉంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన సంగతి ఆ ఒడియా అమ్మాయి. ఆమె పెంచిందంటే వాడికి 'ఆ' అంటే రావాలని, 'బొస' అంటే కూర్చోవాలని, 'ఖా' అంటే తినాలని తెలుసు. విశాఖలో పనివాళ్లు 'రా', 'కూర్చో', 'తిను' అంటారు. వాడు కదలడు. మొండి కుక్క అనుకుని గొలుసు లాగుతారు. భయంతో వాడు పళ్లు చూపిస్తే ఇది కరిచే కుక్క అని విడిగా కట్టేస్తారు. ఇంత అనర్థమూ నాలుగు మాటలు తెలియకపోవడం వల్లే. వాడికి వచ్చిన మాటలన్నీ తెలుగు లిపిలో ఒక కాగితం మీద రాసి, పక్కన అర్థం రాయండి. మునిగుడకు ఫోను చేసి ఆ మాటలు ఆ అమ్మాయి నోటనే పలికించి, రికార్డు చేసి హాస్టలు వాళ్లకు పంపండి. అదే కాగితం మీద వాడు దేనికి బెదురుతాడో, ఎక్కడ చెయ్యి వేస్తే సహించడో, ఏ వేళకు బయటికి వెళ్తాడో కూడా ఉండాలి.

తిండి సంగతి. చాలాచోట్ల ప్యాకెట్ గుళికలే పెడతారు. అన్నం తినే కుక్కకు ఒక్కసారిగా అవి పెడితే విరేచనాలు ఖాయం. అన్నం వండి పెడతారేమో అడగండి. కుదరదంటే ఆ గుళికలే కొని, పది రోజుల ముందు నుంచి అన్నంలో పిడికెడు కలుపుతూ మెల్లగా పెంచండి. పఖాళ ఆ పదమూడు రోజులూ లేకపోయినా నష్టం లేదు. అన్నట్టు, ఉల్లిపాయ వేసిన పఖాళ మాత్రం వాడికి ఎప్పుడూ పెట్టకండి. ఉల్లి కుక్క రక్తకణాలను పగలగొడుతుంది.

టీకా కార్డు తీసి చూడండి. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్, లెప్టో జబ్బులకు కలిపి వేసే టీకా గడువు దాటి ఉంటే హాస్టల్లో ఉంచే ఆ మొదటి రాత్రికి కనీసం మూడు వారాల ముందే వేయించండి. కుక్కలు గుంపుగా ఉండేచోట అంటుకునే దగ్గుకు కూడా టీకా ఉంది, మీ వైద్యుణ్ని అడగండి. పిడుదులకు మందు, నులిపురుగులకు మాత్ర వారం ముందు.

హాస్టలు చూడటానికి వెళ్లినప్పుడు గోడలకు వేసిన రంగులు చూసి మురిసిపోకండి. రాత్రి ఇక్కడ ఎవరు పడుకుంటారు అని అడగండి. పగలు పదిమంది ఉండి రాత్రి తాళం వేసుకుని వెళ్లిపోయే చోటైతే వెనక్కి వచ్చేయండి. గేటు దాటాక రెండో గేటు ఉందా, కొత్త కుక్కను మిగతావాటితో కలిపేస్తారా, విడిగా ఉంచుతారా చూడండి. మీరు రైల్లో ఉండగా ఫోను అందకపోవచ్చు. కనుక వైద్యం చేయించే అధికారం మీ మరిదికి ఇస్తూ కాగితం రాసివ్వండి. పట్టెడ మీద కూడా ఆయన నంబరే ఉండాలి.

వాడు పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి. దింపేటప్పుడు ఎంతసేపూ కౌగిలించుకుని ఏడవకండి అమ్మా, మీ భయం వాడికి అంటుకుంటుంది. మొదటి రోజు తినకపోవడం మామూలే. రెండో రోజూ ముట్టకపోయినా, నీళ్లు మానేసినా వైద్యుడికి చూపించాలని ముందే చెప్పి ఉంచండి. తిరిగి తెచ్చాక రెండు వారాలపాటు దగ్గు, విరేచనాలు, జ్వరం కనిపెడుతూ ఉండండి.

ముందుగా ఉంచిన ఆ ఒక్క రాత్రి వాడు అన్నం తిన్నాడో లేదో, మర్నాడు మిమ్మల్ని చూసి ఏం చేశాడో నాకు తప్పకుండా రాయండి. వాడు అక్కడ ఇమడలేదని తేలితే, పదమూడు రోజులు మీ ఇంట్లో వచ్చి ఉండగలిగే మనిషిని చూసుకోవడానికి అప్పటికి ఇంకా నెల వ్యవధి ఉంటుంది.