కొత్త ల్యాబు పెట్టి పది నెలలు, పేపర్ లేదు: అమ్మాయి వెనకబడినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంజైముల మీద పీహెచ్‌డీ, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేసి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరింది. పది నెలలైనా సొంత ల్యాబు నుంచి ఒక్క పేపరూ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. తోటివాళ్లంతా ఏఐ వైపు వెళ్తున్నారు. తనూ మారాలా, పాత గైడ్‌తోనే కలిసి పనిచేయాలా?

జవాబు: పది నెలలకు పేపర్ రాకపోతే వెనకబడినట్టు కాదండీ. కొత్త ల్యాబులో మొదటి ఏడాది చాలావరకు పరికరాల ఆర్డర్లకు, అనుమతులకు, ఖాళీ గదిలో ఫ్రీజర్ ఎక్కడ పెట్టాలన్న లెక్కలకే పోతుంది. మొదటి స్టూడెంట్‌కి పైపెట్ మీద చేయి కుదిరి, ఒకే ప్రయోగం మూడుసార్లు చేస్తే మూడుసార్లూ ఒకే ఫలితం రావడానికి నెలలు పడుతుంది. ఆ కష్టం ఏ బయోడేటాలోనూ కనిపించదు.

ఏఐ హడావుడి మీద నాకు అనుమానాలున్నాయి. ఎంజైములూ ప్రొటీన్లే కదా, ఆ ప్రొటీన్ల పనికి 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చినప్పుడు ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఏఐ, ఆల్ఫాఫోల్డ్ పేరే మారుమోగింది. కానీ అందులో సగం బహుమతి డేవిడ్ బేకర్‌ది. ప్రకృతిలో లేని మడత ఉన్న ప్రొటీన్‌ని ఆయన బృందం తయారుచేసి చూపించింది 2003లోనే. ఆయనకు ప్రశ్న ముందే ఉంది, ఏఐ తర్వాత వచ్చి చేరింది. ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది కూడా ప్రయోగశాలలు దశాబ్దాలపాటు ఓపిగ్గా తేల్చిన నిర్మాణాల నుంచే. పెద్ద మోడళ్లు తయారుచేయడంలో పెద్ద కంపెనీలతో ఓ చిన్న ల్యాబు పోటీపడలేదు. నమ్మదగిన కొలతలు తీయడం మీ అమ్మాయికి వచ్చిన విద్య. దాన్ని వదిలేసి పరుగెత్తమని నేను చెప్పలేను. ఏఐని పనిముట్టుగా వాడుకోమనండి, చాలు.

గైడ్‌తో కలిసి రాయడం తప్పేం కాదు. కాకపోతే రేపు కమిటీ ‘ఇందులో మీ ఆలోచన ఏది?’ అని అడుగుతుంది. తన ఐడియాలన్నీ ఒక కాగితం మీద రాసి, తను లేకపోయినా గైడ్ ల్యాబు చేసేసే వాటిని కొట్టేయమనండి. మిగిలిన వాటిలో త్వరగా తేలేది ఒకటి, ఏళ్లు పట్టేది ఒకటి పట్టుకోవాలి. ఏ సమస్య ఎవరిదో గైడ్‌తో ముఖాముఖి మాట్లాడుకోవడం ఇంకా మంచిది. మొదటి గ్రాంటు తిరిగొచ్చినా కంగారుపడక్కర్లేదు, రివ్యూయర్ల మాటలు చూసి మళ్లీ రాసేవాళ్లే ఎక్కువ.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, తన టెన్షన్‌లో కొంత మీరు పెడుతున్నదే. ఆ ప్రశ్న తను రోజూ తనకు తాను వేసుకుంటూనే ఉంటుంది, మళ్లీ మీ నోట కూడా ఎందుకు? ఈసారి ఫోన్ చేస్తే కొత్త మెషిన్ ఎలా పనిచేస్తోందో, స్టూడెంట్ ఎలా నేర్చుకుంటున్నాడో అడగండి. తన దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది.