సెన్సర్ పాడైందని పని మాన్పించకండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో కార్ల మోడిఫికేషన్ షాపులో ఏడాదిగా పని నేర్చుకుంటున్నాడు. మొన్న ఒక కారుకు బయట కొన్న ఎగ్జాస్ట్ హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు) వేయడానికి పాతది దించుతుంటే ఆక్సిజన్ సెన్సర్ వైరుకు వేలాడి, ఊడి నేల మీద పడిందట. పైకి చెక్కుచెదరలేదు. బిగించాక ఇంజిన్ లైటు వెలిగింది. దాని ఖరీదు జీతంలో కోశారు. ‘ఈ ఎలక్ట్రానిక్స్ నావల్ల కాదు’ అంటున్నాడు. డిగ్రీలో చేర్చమంటారా?

జవాబు: వద్దండీ. ఆ సెన్సర్ పని పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూడటం. దాని లోపల ఉండేది జిర్కోనియా అనే పింగాణీ. కప్పు సిమెంటు నేల మీద పడితే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. ఉక్కు తొడుగు ఉంది కనుక పగులు బయటికి కనబడదు. మీవాడి చేతిలో లోపం లేదు, లోపల ఏముందో వాడికి ఎవరూ చెప్పలేదు.

హెడర్ మార్చేటప్పుడు ముందు సెన్సర్ వైరు కనెక్టర్ ఊడదీయాలి. ఇంజిన్ కాస్త వెచ్చగా ఉండగా, వైరు పట్టేలా చీలిక ఉన్న సాకెట్‌తో సెన్సర్ తీసి గుడ్డలో చుట్టి పెట్టాకే హెడర్ నట్ల మీద చెయ్యి వేయాలి. ఇంపాక్ట్ గన్ వాడకూడదు. మరలు పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్టు మరలకే రాయాలి, సెన్సర్ మొనకు అంటకూడదు. జాయింట్లకు మామూలు సిలికాన్ సీలెంట్ పూస్తే ఆ ఆవిరికే సెన్సర్ చెడిపోతుంది. సెన్సర్‌కు ముందు ఎక్కడైనా లీకు ఉంటే బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంకా పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక బైకులకు కూడా ఈ సెన్సర్లు మామూలైపోయాయి. స్కానర్ చదివి కారణం పట్టుకునే మెకానిక్‌కు పని కొరత ఉండదు. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు, ఆపై ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ చేతిపని వచ్చినవాడు కాబట్టి నా ఓటు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్‌కే. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా చేరితే మంచిది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. శబ్దం, పొగ పరిమితులు దాటేలా బండి మారిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద దాన్ని నడిపేవారికి మొదటిసారే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడొచ్చు. అందుకే మోడిఫికేషన్ ఒక్కదాన్నే బతుకుతెరువుగా పెట్టుకోవద్దనండి.

పాడైన సెన్సర్ షాపులో ఇంకా ఉంటే అడిగి తెచ్చుకోమనండి. తొడుగు కోసి ఆ పింగాణీని ఒకసారి కళ్లారా చూడనివ్వండి.