డాక్టరు గారి జవాబులు: నాలుగు రోజులు మానినా ఏమీ కాలేదు, ఇక గార్డినాల్ ఆపేయవచ్చా?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. పదకొండో ఏట మూర్ఛ మొదలైనప్పటి నుంచి రాత్రిపూట గార్డినాల్ 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. మూడేళ్లుగా ఫిట్స్ రాలేదు. గత వారం నిశ్చితార్థానికి వచ్చిన కాబోయే అత్తవారి బంధువులు ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ, వాళ్ల కంట పడుతుందేమోనని మాత్ర వేసుకోలేదు. ఏమీ కాలేదు. ‘ఇన్నాళ్లూ ఊరికే మింగావు, మానెయ్’ అంటోంది మా మేనత్త. శ్రావణంలో పెళ్లి. మానవచ్చా? రేపు పిల్లలకు ఏమైనా ఇబ్బందా? – ఒక సోదరి, తెనాలి

జవాబు: మానవద్దమ్మా. ఈ రాత్రి నుంచే మీ మామూలు మోతాదు ఒక్క మాత్ర వేసుకోండి. తప్పిపోయిన నాలుగింటినీ కలిపి మింగవద్దు. ఈ జవాబు మీకు చేరేసరికి మాత్ర ఆపి ఇంకా ఎక్కువ రోజులు గడిచి ఉంటే, మీ డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

నాలుగు రోజులు ఏమీ కాకపోవడం మందు అక్కర్లేదనడానికి రుజువు కాదు. ఆ నాలుగు రోజులూ మందు మీ ఒంట్లోనే ఉంది. గార్డినాల్‌లో ఉండే ఫినోబార్బిటోన్ చాలా నెమ్మదిగా శరీరాన్ని వదిలే మందు. పెద్దవారిలో రక్తంలోని మందు సగానికి తగ్గడానికి దాదాపు మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. మీ రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు ఉందనుకుంటే, నాలుగో రోజుకు ఇంకా పది, ఎనిమిదో రోజుకు అయిదు మిగులుతాయి. అంటే బంధువులు వెళ్లిపోయి, ధైర్యం చిక్కి, మాత్రల సంగతే మరిచిపోయిన రెండో వారంలోనే అసలు ప్రమాదం. పైగా ఏళ్ల తరబడి ఈ మందుకు అలవాటుపడిన మెదడు, అది ఒక్కసారిగా లేకపోతే తనంతట తానే ఉద్రేకపడుతుంది. పాత జబ్బు సద్దుమణిగి ఉన్నా, ఆపడం వల్లనే ఆగకుండా వరస ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఈ మందు 1912లో జర్మనీలో లూమినాల్ అనే పేరుతో నిద్రమాత్రగా బజారుకొచ్చింది. హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు మూర్ఛ రోగులకు నిద్ర కోసం ఇచ్చి, వారికి ఫిట్స్ తగ్గడం గమనించాడు. మెదడులో నరాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం కణాల గోడల్లోని క్లోరైడ్ తలుపులను తెరుస్తుంది. ఫినోబార్బిటోన్ ఆ తలుపులు మరికాస్త సేపు తెరిచి ఉండేలా చేస్తుంది. మోతాదు మితిమీరితే గాబాతో పనిలేకుండా తానే వాటిని తెరిచి, మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని కూడా అణిచేస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. అందుకే మద్యం, నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు దీనితో కలవకూడదు.

మూడేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాయి కనుక, మానడం గురించి నరాల వైద్యునితో మాట్లాడే హక్కు మీకు తప్పక ఉంది. మీ మూర్ఛ ఏ రకమో, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) ఎలా ఉందో చూసి ఆయన సరేనంటే, కొద్దికొద్దిగా కొన్ని నెలల పాటు తగ్గిస్తూ మానాలి. కానీ అర్ధరాత్రి ముహూర్తాలు, నిద్రలేమి, ఉపవాసాలు కలిసివచ్చే పెళ్లి నెల అందుకు సమయం కాదు.

పిల్లల సంగతి ఇప్పుడే తేల్చుకోవాలి. గర్భిణులు ఫినోబార్బిటోన్ వాడితే బిడ్డకు గుండె లోపాల వంటివి వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ వంటి మూర్ఛ మందులతో ఆ ప్రమాదం తక్కువ. వాల్ప్రోయేట్ మాత్రం ఇంకా చెడ్డది. మార్చదలిస్తే గర్భం రాకముందే, డాక్టరు పర్యవేక్షణలో మార్చాలి. గర్భం వచ్చాక తెలిస్తే భయపడి ఆపేయడం తల్లికీ బిడ్డకీ ఎక్కువ ముప్పు. ఫోలిక్ ఆమ్లం ముందు నుంచే మొదలుపెట్టాలి, పుట్టిన బిడ్డకు విటమిన్ కె సూది తప్పనిసరి. ఇంకొక సంగతి: ఈ మందు కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి గర్భనిరోధక మాత్రలను త్వరగా ఖర్చు చేసేస్తుంది కనుక వాటిని నమ్ముకోవద్దు, కాపర్‌-టి అయితే ఆ బెడద లేదు. విటమిన్ డి కూడా ఇలాగే తగ్గి ఎముకలు పలచబడతాయి, ఒకసారి పరీక్ష చేయించుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. 1999 సవరణతో హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛ అనే పదాన్ని తొలగించారు. కాబోయే భర్తకు ముందే చెబితే, మాత్ర వేసుకోవడానికి మీరు చాటు వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబుకు నెల రోజులుగా గార్డినాల్ సిరప్ పోస్తున్నాం. మత్తుగా ఉంటాడనుకుంటే, ఒకచోట నిలవకుండా విపరీతంగా అల్లరి చేస్తున్నాడు. మందు పడలేదా? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఈ మందుతో పెద్దలు మత్తుగా ఉంటే, కొందరు పిల్లలు ఇలా ఎదురు తిరుగుతారు, ఇది తెలిసిన దుష్ఫలితమే. మీరుగా ఆపకుండా పిల్లల డాక్టరుకు చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. ఒంటిపై ఎర్రని దద్దురు, జ్వరం, నోటిలో పుండ్లు కనిపిస్తే మాత్రం తరువాతి మోతాదు పోయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సిరప్‌ను వంటింటి చెంచాతో కాక సీసాతో వచ్చిన కొలత మూతతోనో సిరంజితోనో కొలవండి.