అశ్వమేధ బంగారు నాణెం కొనే ముందు

చి. శ్రీనివాస్‌కి ఆశీస్సులు.

సముద్రగుప్తుని అశ్వమేధ నాణెం ఒకటి అమ్మకానికి వచ్చిందని, కొనమంటావా అని అడిగావు. నాణేల పరీక్షలన్నీ నకిలీని పట్టివ్వడానికే పనికొస్తాయి. ఇది అసలుదే అని తేల్చి చెప్పే పరీక్ష ఒక్కటీ లేదు. కాబట్టి ఖర్చులేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత చెయ్యి. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడే ఆపేసి నాణెం తిరిగి ఇచ్చెయ్యి.

ముందు కళ్లతో చూడు. ముందువైపు గుర్రం ఎడమకు తిరిగి, యాగపశువును కట్టే యూపస్తంభం ఎదుట నిలబడి ఉంటుంది. స్తంభానికి కట్టిన పతాకాలు గుర్రం మీదుగా అలల్లా సాగుతాయి. గుర్రం కింద అప్పటి బ్రాహ్మీ లిపిలో ‘సి’ అనే అక్షరం ఉంటుంది. వెనకవైపు భుజాన వింజామర వేసుకుని రాణి నిలబడి ఉంటుంది, ఆమెను దత్తదేవిగా పండితులు గుర్తించారు. ఆమె ఎదుట అలంకరించిన సూచి, అంటే ఈటె లాంటి ఆయుధం, పక్కన ‘అశ్వమేధ పరాక్రమః’ అన్న బిరుదు. గుప్తుల్లో ఈ యాగం పేరిట నాణేలు వేసినట్టు తెలిసింది ఇద్దరే: సముద్రగుప్తుడు, మొదటి కుమారగుప్తుడు. కుమారగుప్తుని గుర్రానికి జీను ఉంటుంది, వెనక బిరుదు ‘శ్రీ అశ్వమేధ మహేంద్రః’ అని మారుతుంది. ఒకరి గుర్రం, మరొకరి బిరుదు కలిసి కనిపిస్తే ఇక తూకం దాకా పోనక్కర్లేదు.

ఆ బిరుదులో ఉన్నవి ఎనిమిది అక్షరాలే. అవి బ్రాహ్మీలో రాయడం ఒక ఆదివారం కూర్చుని నేర్చుకో, అంతకన్నా పదునైన పనిముట్టు నీకు దొరకదు. నకిలీ అచ్చు చెక్కేవాడు చాలాసార్లు ఆ లిపి చదవలేడు, ఫొటో చూసి గీతలు దించుతాడు. అందుకే ‘శ్వ’ కింద వేలాడే వకారం వట్టి గీతగా మారిపోతుంది, ‘క్ర’ కింది కొస ఎటో పోతుంది, విసర్గ చుక్కలు మాయమవుతాయి. అంచు దగ్గర కొన్ని అక్షరాలు సగం తెగిపోయి ఉంటే మాత్రం కంగారు పడకు. చేత్తో సుత్తి దెబ్బ వేసిన నాణేనికి అది సహజం. లేఖనమంతా గుండ్రంగా, నిండుగా, సరిగ్గా మధ్యకు కుదిరి ఉంటేనే ఇంకోసారి చూడాలి.

తర్వాత పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకుని, దీపాన్ని పక్క నుంచి వాలుగా పెట్టి చూడు. అచ్చు దెబ్బ తిన్న లోహం మధ్య నుంచి అంచుల వైపు జరుగుతుంది, అక్షరాల మొదళ్ల దగ్గర ఆ సన్నని చారలు కనిపిస్తాయి. పోత పోసిన దాంట్లో చారలుండవు. సూదిమొన లాంటి గుంటలు, మొద్దుబారిన అక్షరాలు, అంచు చుట్టూ అతుకు గీత లేదా దాన్ని చెరిపిన ఆకురాయి గీతలు ఉంటాయి. అరుగుదల కూడా చూడు. నిజంగా చేతులు మారిన నాణెం ఎత్తైన చోట్లే, అంటే గుర్రం భుజం, పొట్ట, రాణి నడుము దగ్గరే అరుగుతుంది. లోతట్టు చోట్లు కూడా అంతే నునుపుగా ఉన్నాయంటే యాసిడ్‌తోనో రాపిడితోనో పాతబరిచారని అర్థం. ఒకే అచ్చుతో కొట్టిన రెండు అసలు నాణేలు ఉండొచ్చు గానీ, రెండింటి అంచు వంకరలూ గాట్లూ ఒక్కలాగే ఉండవు. అలా ఉంటే రెండూ ఒకే మూస నుంచి వచ్చినవి.

ఇక తూకం. సముద్రగుప్తుని ఈ రకం సాధారణంగా 7.2 నుంచి 7.8 గ్రాముల మధ్య తూగుతుంది. 9 గ్రాములు దాటే బరువు తర్వాతి గుప్తరాజు స్కందగుప్తుని కాలం నుంచి వచ్చిన ప్రమాణం, సముద్రగుప్తునికి అది కుదరదు.

సాంద్రత పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కాచి చల్లార్చిన నీళ్లు చిన్న గ్లాసులో పోసి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపి, తూకం మీద పెట్టి సున్నాకు తే. నాణేన్ని సన్నని దారంతో కట్టి అడుగూ గోడలూ తగలకుండా నీళ్లలో పూర్తిగా వేలాడదియ్యి. అప్పుడు తూకం చూపే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును దాంతో భాగించు. 7.60 గ్రాముల నాణేనికి 0.44 వస్తే సాంద్రత 17.3 దాకా ఉన్నట్టు, అంటే వెండి, రాగి కొంత కలిసిన మంచి బంగారం. ఇక్కడ 0.01 గ్రాము పొరపాటు జరిగితే జవాబు 0.4 దాకా మారిపోతుంది. అందుకే మిల్లీగ్రాములు చూపే తూకం కావాలి. గుర్రం కాళ్ల సందుల్లో గాలిబుడగ చిక్కినా సాంద్రత తక్కువ చూపిస్తుంది. మూడుసార్లు చేసి చూడు. అంకె 15 కన్నా దిగువకు పోతే కొనకు. కానీ 17 వచ్చిందని సంబరపడకు, ఇవాళ్టి 22 క్యారెట్ల బంగారంతో నకిలీ కొట్టినా అంకె దాదాపు అంతే వస్తుంది.

నగల దుకాణంలోని క్యారెట్ మీటర్ పైపొరను మాత్రమే చదువుతుంది. శతాబ్దాలు మట్టిలో ఉన్న నాణెం పైపొరలో రాగి, వెండి కొంత తగ్గిపోయి బంగారం శాతం ఎక్కువ కనిపించడం మామూలే. కాడ్మియం అనే లోహం కనిపిస్తే మాత్రం అది ఈ కాలపు అతుకులోనో లోహంలోనో వచ్చింది. కాసులపేరులో గుచ్చడానికి ఎప్పుడో కొక్కెం అతికించి తీసేసిన నాణేల్లోనూ అది అంచు దగ్గర దొరకొచ్చు, కాబట్టి రెండు మూడు చోట్ల చదివించు. కొక్కెం మచ్చ ఉంటే నాణెం అసలుదే అయినా ధర బాగా తగ్గాలి.

గీటురాయి మీద గీయించడం, అంచు కోయించడం, చింతపండుతో తోమడం చెయ్యొద్దని నిన్ను బతిమాలుకుంటున్నాను. పదహారు వందల ఏళ్లు నిలిచిన ఉపరితలం ఒక్క గీతతో పోతుంది, రుజువూ దాంతోపాటే పోతుంది.

మన ప్రాంతం పేరు చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు. శాతవాహనులు అశ్వమేధం చేసినట్టు మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనం చెబుతుంది నిజమే, కానీ వాళ్ల నాణేలు సీసం, పోటిన్ అనే మిశ్రమలోహం, రాగి, వెండివి. ‘శాతకర్ణి బంగారు కాసు’ అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. రామటెంకలు పూజకు చేయించుకున్న బిళ్లలు, చెలామణీ నాణేలు కావు, వాటిమీద పురాతన సంవత్సరాలు చూసి మోసపోవద్దు. వేంగీ చాళుక్యుల శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల పలుచని బంగారు నాణేలు వేరే కథ. వాటిలో మధ్యన వరాహాన్నీ చుట్టూ అక్షరాలనూ విడివిడి ముద్రలతో కొట్టారు, అక్షరాల లోతు హెచ్చుతగ్గులుగా ఉంటే అది లోపం కాదు.

అన్నీ సరిపోయినా నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడుగు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, ఇలాంటి నాణేన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. ‘పొలంలో దొరికింది’ అంటే అసలు ముట్టుకోకు. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం అది కలెక్టరుకు తెలపాల్సిన సొత్తు. రసీదులో రాజు పేరు, రకం, బరువు, నకిలీ అని తేలితే డబ్బు వాపసు అన్న మాట రాయించుకో.

నాకు ఫొటోలు పంపేటప్పుడు రెండు వైపులవీ, అంచు చుట్టూ నాలుగు చోట్లవీ, ఫ్లాష్ లేకుండా వాలు వెలుతురులో తియ్యి. తూకం అంకె కనిపించే ఫొటో విడిగా పంపు. నా జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న