తుఫాను రోజులకు ఇంట్లో ఏం నిలవ ఉంచుకోవాలి? మా విశాఖ ఇంటి అనుభవం

అత్యవసర సమయాల కోసం ఎక్కువ కాలం పాడవకుండా ఉండే తిండి ఏది దాచుకుంటారు, అందులో మీకు బాగా నచ్చినవి ఏవి అని అడిగారు. మాది విశాఖపట్నం. మాకు అత్యవసరం అంటే ముందుగా గుర్తొచ్చేది తుఫానే కాబట్టి దాని గురించే రాస్తాను. ఒక్క మాటలో చెప్పమంటే నా జవాబు అటుకులు. ఎందుకో, వాటి పక్కన ఇంకేం ఉండాలో కొంచెం వివరంగా చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదుగానే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఏవీ మిగల్లేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్లు పనిచేయలేదు, ఏటీఎంలు లేవు. చేతిలో నగదు ఉన్నవాళ్లు కూడా పాల ప్యాకెట్టుకు రెట్టింపుకు పైగా పెట్టి కొన్నారు. అప్పుడు మా ఇంట్లో బియ్యానికి, కందిపప్పుకు లోటు లేదు. లోటు వచ్చింది నీళ్లకి. మోటారు ఆడకపోతే మేడ మీద ట్యాంకు ఎంతసేపు వస్తుంది? బియ్యం కడగడానికి నీళ్లు, ఎసరుకు నీళ్లు, పప్పు ఉడకడానికి నీళ్లు, తర్వాత గిన్నెలు తోమడానికి ఇంకా ఎక్కువ నీళ్లు. గ్యాస్ ఉన్నా, ఇంకో బండ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పొయ్యి వెలిగించాలంటే ఆలోచించాల్సి వచ్చేది.

అందుకే నేను నిలవ సరుకు ఎంచుకునేటప్పుడు అది ఎన్ని నెలలు ఉంటుందో చూసే ముందు ఇంకో రెండు చూస్తాను. పొయ్యి వెలిగించకుండా తినగలమా? గిన్నెడు నీళ్లతో పని అయిపోతుందా? బియ్యం ఏడాది ఉంటుంది, కానీ మొదటి రెండు మూడు రోజుల్లో దాని వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గేది అటుకులే. వడ్లను నానబెట్టి, వేయించి, వేడి మీదే దంచి చదును చేస్తారు కాబట్టి అవి సగానికి పైగా వండిన తిండి. గుప్పెడు నీళ్లు చిలకరించి మూత పెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. ఆ నీళ్లు వార్చక్కర్లేదు, గిన్నె మాడదు, చేత్తో తినేస్తే కడగడానికీ పెద్దగా ఏం ఉండదు.

రెండు రకాలూ కొంటాను. మందపాటివి నానబెట్టుకోవడానికి. బెల్లం తరుగు, కొబ్బరి ముక్కలు కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. మజ్జిగ ఉన్నంతవరకు ఉప్పు, పచ్చిమిర్చి వేసి దద్ధ్యోజనంలా కలుపుకోవచ్చు. పల్చటివి నానబెట్టకుండానే తినడానికి. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే: పల్చటి అటుకుల్లో ఆవకాయ ఊట, అందులోని నూనె రెండు చెంచాలు వేసి, వేయించిన పల్లీలు, పుట్నాలు, ఉల్లిపాయ ముక్కలు కలిపి అప్పటికప్పుడు తినడం. మామూలు రోజుల్లో కూడా సాయంత్రం మా ఇంట్లో ఇదే చేసుకుంటాం. మరమరాలతోనూ ఇలాగే చేయొచ్చు, కానీ అవి డబ్బాలో చోటు ఎక్కువ తీసుకుంటాయి, గాలి తగిలితే మెత్తబడిపోతాయి, కడుపూ అంతగా నిండదు.

నలుగురున్న ఇంటికి మూడు రోజులకు నేను పెట్టుకునే లెక్క రెండు కిలోల అటుకులు, కిలో పల్లీలు, కిలో పుట్నాలు, కిలో బెల్లం. ఇవి మాత్రమే తిన్నా మనిషికి రోజుకు 1600 క్యాలరీలు దాటతాయి. అటుకులతో పిండిపదార్థం, పుట్నాలతో మాంసకృత్తులు, పల్లీలతో కొవ్వు వస్తాయి. పల్లీలను మాత్రం ఎక్కువ కొని పెట్టకండి. వాటిలో నూనె ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకే వాసన మారి చేదెక్కుతాయి. తడి తగిలి బూజు పట్టినవి ఏరుకుని తినడం అసలు మంచిది కాదు, మొత్తం పారేయాలి. ఆ బూజు చేసే విషం వేయించినా పోదు.

ఇక ఆవకాయ. తుఫానుల కాలానికి, మన ఇళ్లలో వేసవి పనులకు ఎంత పొందిక ఉందో గమనించారా? 1977లో దివిసీమ ఉప్పెన నవంబరు 19న వచ్చింది. 1996లో కోనసీమను ముంచిన తుఫాను నవంబరు 6న. హుద్‌హుద్ అక్టోబరులో, 2018లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసిన తిత్లీ కూడా అక్టోబరులోనే. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మనం మే నెలలో ఆవకాయ, మాగాయ పెడతాం, వడియాలు ఎండబెడతాం, మజ్జిగలో ఊరవేసి మిరపకాయలు ఎండబెడతాం, ఏడాదికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి కొని డబ్బాలకు ఎత్తుతాం. అక్టోబరు వచ్చేసరికి ఇల్లంతా నిలవ సరుకే. ఆ వేసవి పని మానేసి నెలకు ఒక సీసా పచ్చడి కొనుక్కునే ఇళ్లలో తుఫానుకు విడిగా ఏర్పాటు చేసుకోవాల్సి వస్తోంది.

ఆవకాయ పాడవకుండా ఉండడానికి కారణం ఉప్పు, ఆవపిండి, మామిడి పులుపు, పైన నిలిచే నూనె. అందుకే జాడీలో ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి. తగ్గితే నువ్వుల నూనె కాచి చల్లార్చి పోయండి. పెద్ద జాడీకి వాసెన కట్టి అటక మీద ఉంచి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి పొడి గరిటెతో తీసుకుంటే ఏడాది దాటినా ఏమీ కాదు. తుఫాను రోజుల్లో ఇంట్లో చీకటి, చేతులు తడి, అందరూ ఆకలితో ఉంటారు. ఆ హడావిడిలో పెద్ద జాడీ మూత తీయకుండా ఉండాలంటే చిన్న సీసా ముందే నింపి ఉంచుకోవాలి.

పొడులు కూడా అంతే ముఖ్యం. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి ఒక్కో డబ్బా ఉంటే కాస్త వేడి అన్నం దొరికిన రోజున కూర అవసరమే రాదు. ఒక్క పూట పొయ్యి వెలిగించి అన్నం ఎక్కువగా వండి, మిగిలింది రాత్రి నీళ్లు పోసి ఉంచితే పొద్దున్నే చద్దన్నం. ఆ నీళ్లు మాత్రం తాగడానికి పనికొచ్చేవే అయి ఉండాలి. మాంసాహారం తినేవాళ్లకు నా సలహా ఎండు రొయ్యల పొడి. ఎండు చేపలు, నెత్తళ్లు నిలవ ఉంటాయి కానీ ఇసుక పోయేలా కడగాలంటే నీళ్లు చాలా పడతాయి. రొయ్యపొట్టును ముందే బాగు చేసి, దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పుతో పొడి కొట్టి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. అటుకుల్లో కూడా బాగుంటుంది. మా ఊళ్లో ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎండు సరుకు అమ్మే ఆడవాళ్ల దగ్గర కొంటాను. ముట్టుకుంటే గలగలమనే రొయ్యపొట్టే తీసుకోండి, చేతికి మెత్తగా తగిలితే వద్దు.

నీళ్ల గురించి చెప్పకుండా తిండి గురించి చెప్పి లాభం లేదు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుని మూడు రోజులకు నింపుకోండి. వాడకపు నీళ్లు వేరే డ్రమ్ముల్లో. కరెంటు ఉండగానే ట్యాంకు నింపేయాలి, ఎందుకంటే గాలి మొదలవకముందే లైన్లు ఆపేస్తారు. నీళ్లు అనుమానంగా ఉంటే గుడ్డతో వడకట్టి, బాగా మరిగించాలి. పొయ్యి లేకపోతే క్లోరిన్ బిళ్లలు, ప్యాకెట్టు మీద రాసిన కొలతలో వేసి అరగంట ఆగి తాగాలి. పంచదార, ఉప్పు కూడా నిలవ సరుకులో ఉండాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్లు పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలిపి తాగిస్తారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటే ఇంకా మంచిది.

ఇంట్లో షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉంటే పైన చెప్పిన బెల్లం, ఆవకాయ లెక్క వాళ్లకు కుదరదు. మా అత్తయ్యగారి కోసం పుట్నాలు, పల్లీలు, చోడి (రాగి) పిండి విడిగా ఉంచుతాను. చోడి అంబలి ఒకసారి కాస్తే రోజంతా వస్తుంది. పసిపిల్లలకు పాలపొడి డబ్బా కంటే తల్లిపాలే క్షేమం, ఎందుకంటే పొడి కలపడానికి మరిగించిన నీళ్లు, సీసా కడగడానికి ఇంకొన్ని నీళ్లు కావాలి. కాస్త పెద్ద పిల్లలకు, టీకి టెట్రాప్యాక్ పాలు కొని ఉంచండి. తెరవనంత వరకు ఫ్రిజ్ అక్కర్లేదు. కరెంటు పోయాక ఫ్రిజ్‌లో ఉన్నవే ముందు తినేయాలి. తలుపు తీయకపోతే మామూలు అరలు నాలుగు గంటల వరకు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల వరకు చల్లదనం నిలుపుతాయి.

ఇన్‌స్టంట్ నూడుల్స్ చాలామంది కొంటారు. వాటికి మరిగే నీళ్లు కావాలి, తిన్నాక దాహం వేస్తుంది. నా దృష్టిలో అవి మూడో రోజు తర్వాతి సరుకు. బిస్కెట్లు పర్వాలేదు. జంతికలు, సున్నుండలు చేసి పెట్టుకోగలిగితే బిస్కెట్ల కంటే ఎన్నో రెట్లు మేలు.

సరుకు ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చిన్నమ్మ వాళ్లు మేడ మీదకు చేరారు. సరుకంతా కింద వంటింట్లో, నేల మీద డబ్బాల్లో ఉండిపోయింది. ఆ చుట్టుపక్కల డ్రోన్లతో, హెలికాప్టర్లతో ఆహార పొట్లాలు అందించాల్సి వచ్చిందని మీరూ చూసే ఉంటారు. వరద భయం ఉన్న చోట మూడు రోజుల సరుకు ఒకే పెద్ద మూత డబ్బాలో పెట్టి, ఒక మనిషి ఎత్తుకుని మెట్లు ఎక్కగలిగేంత బరువులో ఉంచండి. అగ్గిపెట్టె, చాకు, గరిటె, మందులు, కొంత నగదు కూడా అందులోనే. వరద నీళ్లు తగిలిన బియ్యం, పప్పు, పచ్చడి ఏదైనా సరే, పైకి బాగున్నట్టు కనిపించినా వాడకండి.

అటుకులు, పుట్నాలు తాజాగా ఉండాలంటే వాటిని దాచేసి మర్చిపోకూడదు. మా ఇంట్లో పాత ప్యాకెట్టు టిఫినుకు తీస్తాం, కొత్తది వెనక పెడతాం. పురుగు పట్టకుండా ఎండలో పోసి, చల్లారాక డబ్బాకెత్తి ఎండుమిరపకాయలు వేస్తాను. కందులకు, పెసలకు ఆముదం పట్టించడం మా అమ్మ నేర్పింది, ఇప్పటికీ అదే చేస్తున్నాను.

వాతావరణ శాఖ వాళ్లు అల్పపీడనం అన్నప్పుడు డబ్బాలు ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు. అది బలపడి వాయుగుండం అయిందన్నాక మాత్రం పచ్చి సరుకు తెచ్చుకోవాలి. ఉల్లిపాయలు, నిమ్మకాయలు, రెండు కొబ్బరికాయలు, ఇంకా పూర్తిగా ముగ్గని అరటిపళ్ల అత్తం ఒకటి. గాలివాన వెళ్లే సమయానికి ఆ అరటిపళ్లు సరిగ్గా ముగ్గుతాయి, వాటిని కడగనవసరమూ లేదు.